ఎగరడం ఏ శాఖ కిందికి వస్తుంది?

గోదావరి మీద వంతెన కట్టాక కోదండపాణి లాంచీలు మూలపడ్డాయి. ముప్ఫై రెండేళ్ళు నీళ్ళ మీద తిరిగిన మనిషి నేల మీద కుదురుగా ఉండలేక ఆకాశం వైపు చూడటం మొదలుపెట్టాడు. యాభై ఆరో ఏట పొరుగు రాష్ట్రం వెళ్ళి, మీసాలు సరిగా రాని కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని, రెండేళ్ళు తంటాలు పడి విమానం నడిపే లైసెన్సు తెచ్చుకున్నాడు. లైసెన్సు వచ్చింది కాబట్టి విమానం కావాలి. ఇందులో తప్పేముంది? స్కూటరు లైసెన్సు వచ్చినవాడు స్కూటరు కొనుక్కోడా?

విమానం కూడా దగ్గర్లోనే దొరికింది. ఊరికి ఆరు మైళ్ళ అవతల, ఎప్పుడో మూతపడ్డ విమాన శిక్షణ క్లబ్బు షెడ్డులో, టార్పాలిన్ కింద ఉంది. పసుపు రంగు. పైన ఒక జత రెక్కలు, కింద ఒక జత. ముందొక సీటు, వెనకొక సీటు. రెక్కల్లో ఎముకలు కొయ్య, పైన చర్మం గుడ్డ. 1946లో తయారైంది. క్లబ్బు రోజుల్లో దాన్ని అందరూ చిట్టెమ్మ అనేవారు. టార్పాలిన్ ఎత్తి చూసిన క్షణంలోనే కోదండపాణి మనసు పారేసుకున్నాడు.

పారేసుకున్నది మనసే గాని బుద్ధి కాదు. ఆయన ఏనాడూ లాంచీని పైపై రంగులు చూసి కొనలేదు. ఒడ్డుకు లాగించి, తానే దాని కిందకు దూరి, అడుగు చెక్కలన్నీ సుత్తితో కొట్టి చప్పుడు వింటే గాని బేరం మాట ఎత్తేవాడు కాదు. ఇక ఆయన భార్య ఆదిలక్ష్మి ఇంకో మెట్టు పైన ఉంది.

"కొనండి, నేనొద్దన్నానా?" అంది ఆవిడ. "కానీ దానికి ఏం చెడిందో, ఏం బాగుందో తెలిసిన మనిషి ఒకరు నా ముందు నిలబడి చెప్పాలి. ఈలోగా సంతకం పెట్టారంటే, మీరు ఆ విమానంలోనే వండుకు తినండి."

అలాంటి మనిషి ఒకాయన ఉన్నాడు. కాసిం మేస్త్రి. క్లబ్బు మూతపడేదాకా పాతికేళ్ళు చిట్టెమ్మకు వైద్యం చేసింది ఆయనే. ఇప్పుడు డెబ్భై ఆరేళ్ళు, చూపు కాస్త మందగించింది, వేళ్ళు మాత్రం మందగించలేదు. కబురు పెట్టగానే సైకిలు మీద వచ్చి విమానం చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

"ఒక్క పూట చాలండి పాణిగారూ. నాలుగు పలకలు విప్పి, లోపల చెయ్యి పెట్టి, ఇంజను ఓసారి తిప్పి చూశానంటే దాని గుట్టంతా చెప్పేస్తాను. ఆయ్."

మేస్త్రి ఒక పలక మీద చెయ్యి వెయ్యబోతుంటే షెడ్డు కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు. "ముట్టుకోకూడదండి. మండలి సొత్తండి." షెడ్డు తలుపు మీద కాగితం అంటించి ఉంది. మార్చి ముప్ఫై ఒకటి లోగా విక్రయం కాని పక్షంలో సదరు వస్తువు విరగ్గొట్టబడి తుక్కు కింద తూకానికి వేయబడును.

అప్పటికి జూన్ నెల. ఒక్క పూట పనికి తొమ్మిది నెలలు గడువుందని కోదండపాణి హాయిగా నవ్వుకున్నాడు. పాపం.

మండలి అంటే నిరుపయోగ ఆస్తుల సద్వినియోగ మండలి. దాని ప్రత్యేకాధికారి చిదంబరరావు. మనిషి ఎంతో మర్యాదస్థుడు. ఎవరు వచ్చినా లేచి నిలబడి, కుర్చీ చూపించి, కాఫీ తెప్పించి, ఆ తర్వాత గాని కుదరదని చెప్పడు.

"కొనుగోలుకు ముందు తనిఖీ చేయించుకోవడం మీ హక్కు," అన్నాడు కాఫీ వచ్చాక. "హక్కు కాదు, మేము దాన్ని విధి చేశాం. తనిఖీ లేనిదే విక్రయం లేదు. ఇది మా కొత్త విధానం."

"అమ్మయ్య," అన్నాడు కోదండపాణి. "మా కాసిం మేస్త్రి రేపు పొద్దున్నే వస్తాడండి."

"ఆయన ఏ శాఖ?"

"శాఖేంటండీ, మేస్త్రి."

చిదంబరరావు జాలిగా చూశాడు. "అయ్యా, ఒక వస్తువును ఒకే వ్యక్తి ఆసాంతం పరిశీలించుట అనేది పాతకాలపు పద్ధతి. పక్షపాతానికి తావిచ్చును. అందుచేత మేము అంశవారీ తనిఖీ ప్రవేశపెట్టాం. ఎవరి అంశం వారిది. మొన్ననే ఒక పాత బస్సును ఈ విధంగా పదకొండు శాఖలచే తనిఖీ చేయించాం. రాష్ట్రస్థాయి ప్రశంసాపత్రం వచ్చింది."

"బస్సు ఏమైందండీ?"

"ప్రశంసాపత్రం వచ్చింది," అన్నాడు చిదంబరరావు మళ్ళీ, గోడ మీద ఫ్రేము చూపిస్తూ.

విమానాల శాఖ అంటూ జిల్లాలో లేదు గనక, విమానంలో ఉన్న అంశాలను బట్టి శాఖలు నిర్ణయమయ్యాయి. రెక్కల్లోని కొయ్య అటవీ శాఖకు, కొయ్య మీది గుడ్డ చేనేత శాఖకు, చక్రాలు రవాణా శాఖకు, పెట్రోలు ట్యాంకు పౌర సరఫరాలకు, ముందున్న పంకా విద్యుత్ శాఖకు, ముల్లు తిరిగే గడియారాలన్నీ తూనికలు కొలతలకు వెళ్ళాయి. ఇంజను దగ్గర కాస్త తకరారు వచ్చింది. అది ఎవరిదీ కాదు. చివరకు చూడటానికి చేలల్లో నీళ్ళు తోడే ఇంజనులా ఉందని చిన్న నీటిపారుదలకు ఇచ్చారు.

శాఖలకు ఉత్తరాలు వెళ్ళి, జవాబులు వచ్చి, జవాబులకు వివరణలు వెళ్ళేసరికి దసరా దాటింది. కార్తీక మాసంలో ఒక మంచిరోజు చూసి అధికారులందరూ ఏడు జీపుల్లో షెడ్డుకు వచ్చారు. కాసిం మేస్త్రి అనధికార వ్యక్తి కాబట్టి పది అడుగుల దూరంలో తాడు కట్టి, ఆయన్ను తాడు అవతల నిలబెట్టారు. కోదండపాణి కొనబోయేవాడే తప్ప కొన్నవాడు కాదు గనక ఆయన్నీ అక్కడే నిలబెట్టారు.

రవాణా శాఖాయన ముందు దిగాడు. "హారను ఏదండీ?"

"ఆకాశంలో హారనెందుకండీ?" అన్నాడు కోదండపాణి తాడు మీంచి వంగి.

"ఎదురొచ్చేవాడికి తెలియొద్దా? సరే, రివర్సు గేరు?"

"ఉండదండీ."

"రివర్సు గేరు లేని బండిని మీరెలా కొంటున్నారండీ బాబూ?" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు.

విద్యుత్ శాఖాయన పంకా చుట్టూ తిరిగి రెండే రెక్కలున్నాయని రాసుకున్నాడు. మూడోది ఎవరు తీశారని కాపలాదారును నిలదీశాడు. రెగ్యులేటరు కూడా లేదు. తూనికల శాఖాయన ఎత్తు చూపే గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, టిక్కుమనడం లేదన్నాడు. ఈ సందట్లో గుడ్డ మీది పసుపు రంగు ఎవరి అంశమనే చర్చ లేచి, గంటన్నర సాగి, భోజనాల వేళకు గాని సద్దుమణగలేదు.

అందరిలోకీ చిన్నది చేనేత శాఖ పర్యవేక్షకురాలు సత్యవాణి. ఆ అమ్మాయి ఒక్కతే ఎవరితోనూ మాట్లాడకుండా కింది రెక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, బొటనవేలితో గుడ్డను నొక్కుతూ, అంగుళం అంగుళం జరుగుతూ పోయింది. కాసిం మేస్త్రి తాడు అవతల నుంచి కళ్ళు చికిలించి ఆ పిల్లనే చూశాడు. "ఈ అమ్మాయికి ఎవరో పని నేర్పారండీ," అన్నాడు కోదండపాణితో.

భోజనాలయ్యాక అసలు సమస్య బయటపడింది. ఏ శాఖ అంశాన్ని ఆ శాఖ ప్రాంగణంలోనే పరిశీలించాలని విధానంలో ఉంది. కాబట్టి అంశాలను తీసుకుపోవాలి.

"తీసుకుపోవడం అంటే?" అన్నాడు కోదండపాణి.

తీసుకుపోవడం అంటే తీసుకుపోవడమే. అటవీ శాఖవాళ్ళు గుడ్డ ఒలిచి చేనేత వాళ్ళకు ఇచ్చి, రెక్కలు లారీకి ఎక్కించారు. చక్రాలు రవాణా జీపులోకి వెళ్ళాయి. ఇంజనును ఎనిమిది మంది మోశారు. ప్రతి బోల్టుకూ పావుగంట చొప్పున, ఎవరు విప్పాలనే విషయం మీద ఉత్తర ప్రత్యుత్తరాలు అక్కడికక్కడే జరిగాయి. పొద్దు గుంకేసరికి షెడ్డులో ఒక ఇనప చట్రం, నేల మీద నూనె మరక, మరక పక్కన కోదండపాణి మిగిలారు. ఆయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కొనకముందే ఇంత ప్రేమ పెంచుకోవడం తన తప్పేనని తనను తాను తిట్టుకున్నాడు.

"ఏడవకండి," అన్నాడు కాసిం మేస్త్రి. "నేనూ ఇలాగే విప్పేవాణ్ణి. కాకపోతే విప్పింది విప్పినట్టు వరసలో పెట్టుకునేవాణ్ణి."

నివేదికలు ఫిబ్రవరి దాకా ఒక్కొక్కటిగా వచ్చాయి. అన్నీ ఒకే ఫారం మీద ఉన్నాయి. ఫారం చివర 'పరిశీలించిన మీదట సదరు అంశం సంతృప్తికరం' అని ముందే అచ్చు వేసి ఉంది. కింద సంతకానికి చోటుంది. పైన ఒక్క ముక్కకు తప్ప ఇంకేం రాయడానికీ చోటు లేదు. కొయ్య అడవిలో దొంగతనంగా కొట్టింది కాదు, సంతృప్తికరం. చక్రాలు గుండ్రంగా ఉన్నాయి, సంతృప్తికరం. ఇంజను నిమిషానికి ఎన్ని బిందెల నీళ్ళు తోడుతుందో తేలలేదు గాని, సంతృప్తికరం. ఒక్క చేనేత శాఖ ఫారం మాత్రం సంతకం లేకుండా ఒకసారి వచ్చి, వెనక్కి వెళ్ళి, సహాయ సంచాలకుల సంతకంతో మళ్ళీ వచ్చింది.

చిదంబరరావు ఏడు ఫారాలూ కుట్టి, అన్నిటి పైన తానొక సంతకం చేసి, కోదండపాణికి కాఫీ తెప్పించాడు. "శుభాకాంక్షలు. మన రాష్ట్ర చరిత్రలో ఏడుసార్లు సంతృప్తికరంగా తేలిన విమానం ఇదొక్కటే."

"చాలా సంతోషమండీ. ఒక్క మాట చెప్పండి. ఎగురుతుందాండీ?"

చిదంబరరావు ఫారాలన్నీ తిరగేశాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. నిజాయితీగానే వెతికాడు.

"ఎగరడం ఏ శాఖ అంశమూ కాదండీ," అన్నాడు చివరికి.

కోదండపాణి ఇంటికి వచ్చి ఆదిలక్ష్మికి ఏడు ఫారాలూ చూపించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అన్నీ చదివి, "ఇందులో మనిషెక్కడున్నాడండీ?" అంది. ఆవిడ అడిగిన దాంట్లో న్యాయం ఉంది. కొంటే ప్రాణం మీదికి రావచ్చు. కొనకపోతే ముప్ఫై ఒకటో తారీఖున చిట్టెమ్మను సుత్తులతో విరగ్గొడతారు. ఆ నెలంతా కోదండపాణికి అన్నం సయించలేదు.

మార్చి ముప్ఫైన ఉమ్మడి కూర్పు, అప్పగింత కార్యక్రమం పెట్టారు. షామియానా వేశారు, మైకు పెట్టారు. ఏ శాఖ అంశాన్ని ఆ శాఖే బిగించాలి కాబట్టి అధికారులే చొక్కా చేతులు మడిచి దిగారు. జిల్లాలో ఆ రోజు జరిగినంత సరదా పని ఈ మధ్య జరగలేదు. అటవీ శాఖ రెక్క పట్టుకుంటే చేనేత వాళ్ళు దాని మీద గుడ్డ తొడిగారు. ఒక రెక్క తలకిందులుగా పెట్టి మళ్ళీ తీశారు. కాసిం మేస్త్రి తాడు అవతల నుంచే "అటు కాదండి బాబూ, ఇటు! ఆ బోల్టు దానిది కాదండి, దీనిది!" అని గొంతు పోయేలా అరుస్తూ ఏడు శాఖలనూ నడిపించాడు. సాయంత్రం నాలుగింటికి చూస్తే షెడ్డు బయట ఎండలో చిట్టెమ్మ నిలబడి ఉంది. కొంచెం ఎడమకు ఒరిగింది గాని, నిలబడి ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. నీటిపారుదలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

చిదంబరరావు చిట్టెమ్మను చూడటం అదే మొదటిసారి. మైకు అందుకుని, సంతకానికి పెన్ను కోదండపాణి చేతికిచ్చాడు. ఆదిలక్ష్మి ముందు వరస కుర్చీలోంచి మొగుణ్ణి అదే పనిగా చూస్తోంది. కోదండపాణి పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.

అప్పుడు కాసిం మేస్త్రి తాడు కింద నుంచి వంగి ఇవతలికి వచ్చేశాడు.

"అయ్యగారూ, ఒక మనవండి. విమానాల పనిలో మాకొక పద్ధతుందండి. బాగుందని ఎవరు సంతకం పెడతారో, మొదటిసారి లేచేటప్పుడు వాళ్ళు అందులో కూర్చుంటారండి. నేను పాతికేళ్ళు అలాగే కూర్చున్నానండి. ఆయ్."

"అద్భుతం!" అన్నాడు చిదంబరరావు. ఆయనకు పద్ధతి అంటే ప్రాణం. మైకులోనే ప్రకటించాడు. "తనిఖీ నిర్వహించిన అధికారులందరూ ప్రథమ గగనవిహారంలో ఒకరి తర్వాత ఒకరుగా పాల్గొందురు. ఈ మేరకు ఆదేశాలు ఇప్పుడే జారీ చేస్తున్నాను." గుమాస్తా అక్కడికక్కడే రాసి, ఆయన చేత సంతకం చేయించి, ముద్ర వేశాడు. "ముందు ఎవరండీ?" అని అడిగాడు.

"అందరికంటే పైన ఎవరి సంతకం ఉంటే వారండి," అన్నాడు మేస్త్రి.

చిదంబరరావు ముఖంలో రంగు మారింది. కోదండపాణి జేబులోంచి తోలు టోపీ తీసి తలకు పెట్టుకున్నాడు. ఆ విమానాన్ని ఆ పూట పైకి లేపే ఉద్దేశం ఆయనకు ఇసుమంతైనా లేదు. కానీ ఏ లోకంలోనో ఉన్నట్టు ముఖం పెట్టి, నడిపేవాడు కూర్చునే వెనక సీట్లోకి ఎక్కి, కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. మేస్త్రి వెళ్ళి, ఇంజను తిప్పబోతున్నట్టు పంకా మీద చెయ్యి వేశాడు.

"ఉండండి!" అని అరిచాడు అటవీ శాఖాయన. చిదంబరరావు ఎక్కాక వరసలో రెండోవాడు ఆయనే. "రెక్క లోపల ఒక పెద్ద దూలం ఉంది చూశారూ, దాని చివర వేలు పెడితే లోపలికి దిగిందండి. మమ్మల్ని కొయ్య ఎక్కడ కొట్టిందని అడిగారు గాని, గట్టిదా అని అడగలేదండి."

మేస్త్రి పంకా వదిలేశాడు. "ఏ రెక్కండీ?"

"ఎడమ, పైది."

ఇక గట్టు తెగింది. నీటిపారుదలాయన మూడో సిలిండరు మీద వెంట్రుకంత పగులుందని ఒప్పుకున్నాడు. పౌర సరఫరాలాయన ట్యాంకు నింపి పెడితే పొద్దున్నకు సగమైందనీ, జవానే తాగేశాడన్నట్టు వాడి మీద మెమో కూడా ఇచ్చాననీ చెప్పి, జవానుకు అక్కడే క్షమాపణ చెప్పుకున్నాడు. తూనికల శాఖాయన, ఎత్తు చూపే ముల్లు మేడ మీద పెట్టినా, కింద పెట్టినా ఒక్కచోటే ఉందన్నాడు. "నిలకడగా ఉందనుకున్నామండి." విద్యుత్ శాఖాయన జేబులోంచి రెండు బోల్టులు తీసి బల్ల మీద పెట్టాడు. అవి బిగించగా మిగిలాయట. రవాణా శాఖాయన ముందుకు తోసుకొచ్చాడు. "చక్రాలకు అసలు బ్రేకులే లేవండీ!"

"దానికి బ్రేకులుండవండి బాబూ, అది మామూలే," అన్నాడు మేస్త్రి. "మీరొక్కరే కాస్త నయం."

కోదండపాణి కిందికి దూకి, ఫారాల వెనక ఖాళీ వైపున గబగబా రాసుకుంటున్నాడు. పెన్ను ఆగడం లేదు. ఆఖరికి అందరూ చిదంబరరావు వైపు తిరిగారు. ఆయన చాలాసేపు మైకు వైరు సవరించాడు.

"నేను నివేదికలు చదవలేదండీ," అన్నాడు మెల్లగా. అది మైకులో ఊరంతా వినిపించింది.

"మీ వంతు రాలేదేమ్మా?" అన్నాడు మేస్త్రి సత్యవాణితో.

"నేను సంతకం పెట్టలేదండి," అంది సత్యవాణి. "కింది రెక్క గుడ్డ నాలుగు చోట్ల మురిగింది. ఫారంలో రాయడానికి చోటు లేదు. కాగితం జత చేస్తే చించేశారు. అందుకని ఊరుకున్నాను." సహాయ సంచాలకుడు షామియానా గుంజ వెనక్కి జరిగాడు.

తొమ్మిది నెలలుగా దొరకని తనిఖీ పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. కోదండపాణి జాబితా లెక్కపెట్టాడు. పదిహేడు తప్పులు. మేస్త్రి దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. ఒక్కొక్క దాని దగ్గర తల ఊపాడు. దూలం దగ్గర మాత్రం ఆగి, నోట్లో ఏదో లెక్క వేసుకున్నాడు. తర్వాత తిన్నగా ఆదిలక్ష్మి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మా, ఇది ఇప్పుడు ఎగరదండి. ఎగిరితే చంపేస్తుంది. దూలం మార్చాలి, సిలిండరు మార్చాలి, గుడ్డ మార్చాలి. ఎనిమిది నెలలు పడుతుంది. అన్నీ మార్చాక బాగుంటుందండి. నేను చూస్తాను."

ఆదిలక్ష్మి మొగుడి వైపు తిరిగింది. "ఇన్ని తప్పులున్నాయని ఇప్పటికి తెలిసిందా? అయితే పెట్టండి సంతకం."

చిదంబరరావుకు మతి పోయింది. "అమ్మా, ఏడుసార్లు సంతృప్తికరమని తేలినప్పుడు వద్దన్నారు. పదిహేడు లోపాలున్నాయని తేలాక కొంటున్నారా?" కోదండపాణి అప్పటికే సంతకం చేసి, పెన్ను మూత పెట్టేశాడు. ఆనందం పట్టలేక గబగబా గీకెయ్యడం వల్ల ఆ సంతకం ఎవరిదో పోల్చుకోవడం ఇప్పటికీ కష్టమే.

చిదంబరరావు జారీ చేసిన ఆదేశం మాత్రం ముద్ర పడ్డది కాబట్టి దాని పని అది చేసుకుపోయింది. గగనవిహారం మాట దారిలో ఎక్కడో జారిపోయి, బాగుందని రాసినవాడే ముందు వాడాలని జిల్లాలో అన్ని శాఖలకూ ప్రతులు వెళ్ళాయి. ప్రభుత్వ వసతి గృహంలో సాంబారు బాగుందని రాసే అధికారిని గరిటెతో సహా పట్టుకొచ్చారు. కొత్త లిఫ్టును ఆమోదించిన ఇంజనీరు ఆరో అంతస్తుకు మెట్ల మీద వెళ్ళి సెలవు చీటీ ఇచ్చాడు. మూడు రోజుల్లో 'సంతృప్తికరం' అనే మాట జిల్లాలో ఎక్కడా దొరకలేదు. నాలుగో రోజున ప్రజాప్రయోజనం దృష్ట్యా ఆదేశాన్ని రద్దు చేసి, చిదంబరరావుకు ఇంకో ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఎనిమిది నెలలన్నది పదమూడు నెలలైంది. గుడ్డ పని మొత్తం ఆదివారాలు వచ్చి సత్యవాణే దగ్గరుండి చేయించింది. రావాల్సిన అనుమతులన్నీ వచ్చాక, వైశాఖంలో ఒక పొద్దున, కాసిం మేస్త్రి జాబితాలో పదిహేడో దాని పక్కన కూడా గీత గీసి, కింద సంతకం పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే పెన్ను జేబులో పెట్టుకుని, ముందు సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు. డెబ్భై ఏడేళ్ళ మనిషిని ఎక్కించడానికి సత్యవాణి ఒక భుజం, ఆదిలక్ష్మి ఒక భుజం పట్టవలసి వచ్చింది.

చిట్టెమ్మ గడ్డి మీద దడదడలాడుతూ పరుగెత్తింది. ఉన్నట్టుండి దడదడ ఆగిపోయింది. కోదండపాణి కిందికి చూస్తే షెడ్డు చిన్నదైంది, తాటితోపు చిన్నదైంది, తాను ముప్ఫై రెండేళ్ళు ఈదిన గోదావరి తళతళలాడుతూ మొత్తంగా, ఈ మలుపు నుంచి ఆ మలుపు దాకా, ఒక్కసారే కనిపించింది. ఆయన చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు. కాసేపటికి తెలివి తెచ్చుకుని, రెండు సీట్లనూ కలిపే మాట్లాడే గొట్టం అందుకున్నాడు.

"ఎలా ఉంది మేస్త్రిగారూ?"

ముందు సీట్లో తెల్లటి తల ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వంగి, దేన్నో జాగ్రత్తగా విన్నది.

"ఇంకో రెండు తప్పులున్నాయండి," అంది గొట్టం. "దిగాక చెప్తాను. ముందు దిగండి. ఆయ్."